మెత్తనిదేదీ నమ్మని మనిషి

మెత్తగానే ఉంది. మరీ మెత్తగా ఉంది, అనుమానం వచ్చిందే అక్కడ. కుడికాలికి కొత్త బూటు, ఎడమకాలికి ఉత్త మేజోడు, అలా బూట్ల షాపులో బల్ల మీద కూర్చుని రెండో బూటును ఒళ్ళో పెట్టుకుని, లోపల మడమ ఆనే చోట బొటనవేలు గట్టిగా నొక్కిపట్టి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి వదిలాడు సూది. పడిన గుంట తీరిగ్గా పూడింది. తీరిగ్గా పూడే స్పాంజిని అతను జన్మలో నమ్మడు. ఇవాళ తీరిగ్గా లేచేది మూడు నెలలకు లేవడమే మానేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా పరుపుల ఫ్యాక్టరీలో చెకర్‌గా ఇదే బొటనవేలితో ఎన్ని పరుపుల గుట్టు రట్టు చేశాడో అతనికే తెలీదు. సూది అన్నది అక్కడివాళ్ళు పెట్టిన పేరే, ఎదురుగా సూదిగారు, వెనకాల ఉత్త సూది, ఎందుకంటే అందరూ పరుపు ఎంత మెత్తగా ఉందో చూస్తే ఇతను ఎందుకు మెత్తగా ఉందో చూస్తాడు. స్ప్రింగు విరిగిన చోటే పైన ఇంకో పొర స్పాంజి అంటిస్తారు. చేత్తో నిమిరితే వెన్నపూస, ఆర్నెల్లు పడుకుంటే అసలు సంగతి నడుము చెబుతుంది. కాబట్టి మెత్తదనం ఉందంటే కింద ఏదో దాచిపెట్టినట్టే లెక్క. ఈ సూత్రాన్ని పరుపుల దగ్గరే ఆపి ఉంటే బాగుండేది, కానీ ఇరవై ఆరేళ్ళు ఒకే పని చేసిన మనిషికి సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర బుర్ర తీసి అప్పగించి ఇంటికి రావడం కుదరదు కదా.

ఇంట్లో ఇప్పుడు అంతా మెత్తగా ఉంది. నెల రోజులుగా. కచ్చితంగా చెప్పాలంటే ఆ పదకొండు నిమిషాల దగ్గర్నుంచి. ఫ్యాక్టరీవాళ్ళు ఏటా ఉద్యోగికీ, ఉద్యోగి భార్యకీ కలిపి ఉచితంగా పరీక్షలు చేయిస్తారు, ఏటా ఇద్దరూ వెళ్తారు, రక్తం ఇస్తారు, తీగలు తగిలించుకుని పడుకుంటారు, ఏటా డాక్టరు ఉప్పు తగ్గించండి అంటాడు, ఇంటికొచ్చి ఉప్పేసుకుని తింటారు. ఈసారి మాత్రం డాక్టరు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి, మీరు కాసేపు బయట కూర్చోండి అన్నాడు అతనితో. ఆమెను ఉండమన్నాడు. బయట గోడ గడియారం కిందే కుర్చీ. పదకొండు నిమిషాలు. సెకన్ల ముల్లు పదకొండు చుట్లు తిరగడం కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది అది ఎంత సేపో. తలుపు తీసుకుని ఆమె నవ్వుతూ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె ఆస్పత్రిలోంచి నవ్వుతూ రావడం కూతురు పుట్టినప్పుడొక్కసారే చూశాడు. ఏమన్నాడు అంటే, "ఏముందండీ, మనిద్దరం రోజూ పొద్దున్నే నెమ్మదిగా పరిగెత్తాలట. ముఖ్యంగా మీరు" అంది. ముఖ్యంగా మీరు. అంత చిన్న సంగతి చెప్పడానికి పదకొండు నిమిషాలెందుకు? ముఖ్యమైన మనిషిని బయట కూర్చోబెట్టడమెందుకు? ఇద్దరి కాగితాలూ ఒకే కవర్లో ఇచ్చారు, పైన అతనిది, కింద ఆమెది. తన కాగితం ఏడుసార్లు చదివాడు. ఎనిమిదోసారి ఫ్యాక్టరీ ప్రథమ చికిత్స గదిలో నర్సమ్మకు చూపించాడు. "నిక్షేపంలా ఉన్నారు సూదిగారూ, నా అంకెల కంటే మీ అంకెలే బాగున్నాయి" అందావిడ. అప్పుడు రూఢి అయిపోయింది, అసలు కాగితం ఇది కాదు, మార్చేశారు.

లేకపోతే ఈ మర్యాదలేమిటి? గురక పెడితే డొక్కలో పొడిచే మనిషి పొడవడం మానేసింది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఇల్లు ఎగిరిపోయేది, ఇప్పుడు మాట్లాడకుండా తీసి ఆరేస్తోంది. అతను కావాలనే, పరీక్ష కోసమే, మూడు రోజులు వరసగా పడేశాడు. మూడు రోజులూ ఆరేసింది. రాత్రి అతను నిద్రపోయాడనుకుని కాసేపు తేరిపార చూసి, దుప్పటి భుజం దాకా లాగుతోంది, రెప్పల సందులోంచి గమనించాడు. కూతురు రోజూ ఫోను. ఇదివరకు వారానికోసారి, అదీ వాళ్ళమ్మతోనే. ఇప్పుడు అతన్ని అడిగి మరీ తీసుకుని, "నాన్నా, పొద్దున్నే లేస్తున్నావా? అమ్మతో పాటే వెళ్తావు కదా? మొదలుపెట్టాక ఒక్కరోజు కూడా మానొద్దు నాన్నా" అంటుంది, గొంతులో ఏదో తడి. ఇవన్నీ ఒక ఎత్తు, బావమరిది ఒక ఎత్తు. పదమూడేళ్ళ క్రితం పట్టుకెళ్ళిన డ్రిల్లు మిషను, అడిగితే ఏ డ్రిల్లు బావగారూ అని ముఖం మీదే అన్నవాడు, మొన్న ఆదివారం దాన్ని తుడిచి, నూనె రాసి, కొత్త వైరు వేయించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వంటగదిలో అక్కతో గుసగుసలాడి వెళ్తూ గుమ్మంలో ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. డ్రిల్లు తిరిగిచ్చాడంటే ఇక నేను పోయినట్టే అనుకున్నాడు సూది. బతికే మనిషికి ఎవరైనా డ్రిల్లు తెచ్చిస్తారా? అతి వినయం ధూర్త లక్షణమన్నారు, అతి ప్రేమ దేని లక్షణమో ఎవరూ చెప్పలేదు. గుండెల్లో ఒక మూల భయంగా ఉంది, ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుగా కూడా ఉంది. యాభై ఆరేళ్ళు. ఇంకా ఎంతకాలమో చెబితే ఏం పోయింది? నా చావు సంగతి నాకు చెప్పకుండా నా బావమరిదికి చెప్పడమేమిటి?

"ఎలా ఉందండీ?" అంది షాపావిడ. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, మెడలో కొలతల టేపు, చెవి వెనక పెన్సిలు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, పాదాలు తప్ప ముఖాలు చూడదు. వచ్చీ రాగానే ఇద్దరి చెప్పుల అడుగులూ తిరగేసి చూసింది. అతని ఎడమ మడమ బయటి అంచు ఎక్కువ అరిగిందట. అరిగింది నిజమే, ఎడమ మోకాలు పరుపు మీద ఆనించి నొక్కే అలవాటు వల్ల ఆ కాలు అలాగే పడుతుంది. కానీ అడుగు చూసి మనిషిని చెప్పేవాళ్ళంటే అతనికి చేతిరేఖలు చూసేవాళ్ళే గుర్తొస్తారు. "బాగానే ఉంది. మరీ బాగా ఉంది" అన్నాడు. ఆవిడ తలూపింది. "అదేనండీ, షాపులో దూదిలా ఉండేదంతా రోజూ పరిగెత్తడానికి పనికిరాదు. మెత్తగా ఉండాలి, కానీ అడుగు వేయగానే వెనక్కి తన్నాలి. దీని కంటే కొంచెం బిగువుది చూపిస్తాను. రోజూ పరిగెత్తేవాళ్ళయితే రెండు జతలు ఉంచుకుని రోజు విడిచి రోజు మార్చుకోండి, స్పాంజి తేరుకోవడానికి ఒక రోజు పడుతుంది." ఇది అక్షరాలా నిజం. తేరుకోనివ్వని స్పాంజి త్వరగా చస్తుందని అతనికంటే తెలిసినవాడు ఈ వీధిలో లేడు. కానీ అమ్మేవాళ్ళ నోట నిజం వచ్చిందంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నిజం అడ్డం పెట్టి రెండో జత అంటగట్టడం కాదూ ఇది? తనతో ఏకీభవించేవాళ్ళంటే అతనికి మొదట్నుంచీ పడదు.

అసలు గుచ్చుకుంటున్నది బూటు కాదు, చీటీ. ఈ షాపులో ఒక పద్ధతి ఉంది. ఏ జత అమ్మినా పెట్టె మూతకు లోపలివైపు ఒక చీటీ అంటిస్తారు, ఎవరి కోసం, రోజుకు ఎంత దూరం, నొప్పులేమైనా ఉన్నాయా, డాక్టరు ఏమైనా చెప్పాడా, అంతా పెన్సిలుతో. మూడు నెలలకు బూట్లు బాగాలేవని ఎవరైనా తిరిగి తెస్తే ఆ చీటీ తీసి చూస్తారట. ఫ్యాక్టరీలో పరుపు మూల కుట్టే గుడ్డముక్క లాంటిదే, ఆ పద్ధతి మాత్రం లోలోపల అతనికి నచ్చింది. కానీ అతన్ని ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా చీటీ రాయరా అంటే, "మీ వివరాలు మేడమ్ చెప్పారండీ" అంది. ఎప్పుడు చెప్పింది? తను మేజోళ్ళ అర దగ్గర ఉన్న రెండు నిమిషాల్లోనా? ఏం చెప్పింది? తన భార్య, చిన్నపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళుగా టీచరు, ఏనాడూ ఒక్క మాటతో సరిపెట్టని మనిషి, తన కళ్ళముందు ఈవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరు పదకొండు నిమిషాల్లో చెప్పినదాన్ని కుదించి రాస్తే ఆ చీటీలో రెండు వాక్యాలవుతుంది. బూట్ల షాపావిడకు తెలుసు, బావమరిదికి తెలుసు, కూతురికి తెలుసు. ఆ రెండు వాక్యాలు చూడకుండా ఈ షాపులోంచి కదలకూడదు అనుకున్నాడు.

ఇంతకీ భార్య ఎక్కడ? అద్దంలోంచి చూశాడు. తలనొప్పిగా ఉంది, ఎదురుగా మందుల షాపు ఉంది, ఇప్పుడే వస్తానని వెళ్ళింది. తలనొప్పట. కౌంటరు దగ్గర నిలబడి కాగితం చూపించింది. తలనొప్పి మాత్రకు కాగితమెందుకు? పెద్ద పొట్లమే ఇచ్చారు. అవన్నీ తన కోసమే అయ్యుంటాయి, రేపట్నుంచి మజ్జిగలో కలుపుతుంది కాబోలు. అంతపనీ చేయగలదు. కూతురికి నాలుగేళ్ళప్పుడు దగ్గుమందు తాగదు, నోరు బిగించి ఇల్లంతా పరిగెత్తేది. అప్పుడీమె ఏం చేసిందీ, పిల్లను వదిలేసి బొమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని, అయ్యో బొమ్మకు జ్వరమొచ్చింది, బొమ్మకు తోడుగా ఎవరైనా తాగితే బాగుండు అంది. బొమ్మ చాలకపోతే నాన్నకు జ్వరమంది. అతను వేపాకు రసం లాంటి ఆ మందు మూడు రోజులు చెంచాడు చెంచాడు తాగాడు, పక్కన కూర్చుని పిల్ల కూడా గుటకేసింది, నాన్నకు తోడుగా. బడిలో కూడా అదే విద్య, భయపడేవాడి పేరెత్తకుండా పక్కవాడి పేరుతో పని జరిపించేస్తుంది. అలాంటి మనిషి చెప్పేదాంట్లో ఎవరికి జ్వరమో ఎలా తెలుస్తుంది? రోడ్డవతల ఆమె పొట్లం విప్పి ఒక మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గోడకు చెయ్యానించి కాసేపు నిలబడింది. ఎండగా ఉంది మరి. చీరకు కింద పాత చెప్పులు, మెట్టు దిగడానికి కూడా ఒక పాదం వేసి ఆగి రెండోది వేసింది. ఎప్పట్నుంచి అలా దిగుతోంది? అతనికి జ్ఞాపకం రాలేదు.

షాపావిడ రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "బిగువుది ఇదండీ. మేడమ్‌గారి జత కూడా వచ్చేసింది, పోయిన గురువారం చూసుకుని వెళ్ళారు కదా, ఆ సైజు అప్పుడు లేదు. ఇద్దరూ ఒకేసారి వేసుకుని చూడొచ్చు" అంది. వెనకగదిలో ఫోను మోగితే అటు వెళ్ళింది. గురువారం. బడి అయ్యాక మీటింగుందని చెప్పిన గురువారం. చెయ్యి దానంతటదే తన పెట్టె మూత ఎత్తింది. చీటీ ఉంది. చేతిలో ఇంకా ఇందాకటి బూటు ఉందని కూడా మరిచిపోయాడు. గుండ్రటి పెన్సిలు అక్షరాలు. సైజు తొమ్మిది. నొప్పులు లేవు. జబ్బులు లేవు, ఆరోగ్యం బాగానే ఉంది. భార్యకు తోడుగా పరిగెత్తడానికి.

అంతే. తిప్పి చూశాడు, వెనక ఏమీ లేదు. నెల రోజులుగా ఈ ఒక్క ముక్క కోసమే కదా ఎదురుచూసింది, ఆరోగ్యం బాగానే ఉందని, చదివితే ఊపిరి కుదుటపడాలి కదా, పడలేదే. రెండో మూత ఎత్తాడు. సైజు అయిదు. డాక్టరు చెప్పింది: గుండె కండరం నీరసించింది, రోజూ కొద్దికొద్దిగా, మాట్లాడగలిగే వేగంలోనే, ఒంటరిగా అసలు వద్దు. మెత్తగా ఉండాలి, కాలు తడబడకూడదు.

కింద కూర్చోవాలనిపించింది, కూర్చునే ఉన్నాడు. పదకొండు నిమిషాలు ఆమెకు చెప్పారు. ఆమె సంగతే ఆమెకు చెప్పారు. బయటికి నవ్వుతూ వచ్చింది తన సంగతి తను విని. కూతురు అడిగింది లేస్తున్నావా అని కాదు, అమ్మతో పాటే వెళ్తావు కదా అని, రోజూ అదే మాట, రోజూ విన్నాడు, ఒక్కరోజూ వినలేదు. బావమరిది ఎవరి తమ్ముడు? అక్కను చూడటానికి వచ్చాడు, ఉత్త చేతులతో రాలేక ఇంట్లో మూల పడున్న డ్రిల్లు తుడుచుకొచ్చాడు, ఆ డ్రిల్లు చూసి నేను నా పాడె కట్టుకున్నాను. డొక్కలో పొడవలేదంటే ఓపిక లేదు. తువ్వాలు గురించి అరవలేదంటే అరవడానికి ఊపిరి చాలలేదు. మూడు రోజులు వరసగా పరీక్ష పెట్టాను, తడి తువ్వాలుతో, గుండె బాగాలేని మనిషికి. రాత్రిళ్ళు నావైపు చూసింది నేనెన్నాళ్ళుంటానో అని కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఒకే కవర్లో రెండు కాగితాలుంటే నాది ఏడుసార్లు చదివాను. కింద కాగితం అడ్డమొస్తే పక్కకు జరిపాను, జరిపిన ప్రతిసారీ దాని మీద ఆమె పేరు కనిపించింది కూడా. ఇరవై ఆరేళ్ళలో ఒక్క పరుపు కూడా పైపొర చూసి పంపలేదు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది, దాని వెనకే నిజమైన భయం వచ్చింది, ఇందాకటి భయం దీని ముందు ఎందుకూ కొరగాదు. తను పోతానేమో అన్నప్పుడు కోపమొచ్చింది. ఆమె పోతుందేమో అంటే కోపం కూడా రావడం లేదు, ఇల్లంతా ఖాళీ అయిపోయి వంటగదిలో కుళాయి చుక్కలు పడటం వినిపిస్తోంది, అంతే.

తలుపు గంట మోగింది. ఆమె వచ్చింది, రెండు పెట్టెలూ, తెరిచి ఉన్న రెండు మూతలూ చూసింది, అతని ముఖం చూసింది. పట్టుబడ్డ చిన్నపిల్లలను ముప్ఫై ఏళ్ళు చూసిన మనిషి, పట్టుబడటం ఎలాగో తెలియక పక్కనే వచ్చి కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నన్ను పరుపెక్కించేస్తారు" అంది. "మా అమ్మను అలాగే చేశారు కదండీ అందరూ. కదలొద్దు, మెదలొద్దు అని. మంచం ఎక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. బూట్లు కొని ఎలాగోలా మిమ్మల్ని ఒక నెల పరిగెత్తిస్తే, ఆనక మెల్లిగా చెబుదామనుకున్నా."

నిజమే. ఎక్కించేసేవాడు. ఫ్యాక్టరీలోకెల్లా మంచిది తనే ఏరి తెచ్చి మరీ.

"మరి కాగితం దాచలేదేం?" అన్నాడు.

"దాచడమెందుకండీ? కవర్లోనే ఉంది, మీ కాగితం కింద."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. అయిదో నంబరు పెట్టెలోంచి బూటు తీశాడు. మడమ దగ్గర నొక్కాడు, ఒకటీ రెండూ మూడూ, వదిలాడు, చటుక్కున లేచింది. మునివేళ్ళ దగ్గర నొక్కాడు. అడుగు వంచి చూశాడు, కుట్టు గోటితో గీరి చూశాడు, నేల మీద పెట్టి అటూ ఇటూ ఊపాడు. తప్పు కనిపెట్టాలని ఇంత గట్టిగా ఏ వస్తువునూ చూసి ఉండడు. తప్పు దొరకలేదు. దొరక్కపోయినా నమ్మలేదు, రెండోది కూడా అలాగే చూశాడు. ఆ తర్వాత కింద కూర్చుని ఆమె పాత చెప్పులు తీసి, బూట్లు తొడిగి, ముందు బొటనవేలు మందం ఖాళీ ఉందో లేదో తడిమి, లేసు కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. పాదాలు వాచి ఉన్నాయి. "బిగువుగా ఉందా?" అంటే "లేదు" అంది. "నిజం చెప్పు." "కొంచెం" అంది. మూడోసారి కట్టాడు.

ఫోను పెట్టేసి వచ్చిన షాపావిడ, "ఆ వీధి మలుపు దాకా వెళ్ళి రండి, బూటు సంగతి రోడ్డే చెబుతుంది" అని తలుపు తీసి పట్టుకుంది. ఎండ వాలుతోంది. ఆమె కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, నలుగురూ చూస్తారేమోనని అటూ ఇటూ చూసి, ఒక అడుగు, మరో అడుగు, చివరికి పరుగు అనీ అనలేని పరుగు మొదలుపెట్టింది. ఈలోగా తనూ బిగువు జత తొడుక్కున్న అతను అరడుగు వెనకగా ఉన్నాడు, చెయ్యి చాస్తే ఆమె మోచేయి అందే దూరంలో. బూటు మెత్తగా ఉందో లేదో అతనికి పట్టలేదు. ఆమె ఊపిరే వింటున్నాడు.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అంది.

నమ్మలేదు. ఇక మీదట ఆమె బాగానే ఉంది అంటే ఏనాడూ నమ్మదలచుకోలేదు. "మాట్లాడగలిగే వేగంలోనే వెళ్ళాలన్నాడు కదా డాక్టరు. మాట్లాడు" అన్నాడు.

"ఏం మాట్లాడనండీ?"

"పదకొండు నిమిషాలు నన్ను బయట కూర్చోబెట్టారు. మొదటి నిమిషం దగ్గర్నుంచి చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీశాడటండీ, ముందు నన్ను ఏం బడి అని అడిగాడు, ఎంతమంది పిల్లలని అడిగాడు, అంటూ అడుగుకో మాట చొప్పున, మధ్యలో ఆగుతూ, టీచరు కదా, ఏదీ వదలకుండా. అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వెనక్కి తిరగాల్సిన మలుపు వచ్చేసరికి ఆమె ఇంకా మూడో నిమిషం దగ్గరే ఉంది. ఊపిరి మధ్య ఎడం తగ్గినట్టనిపించి అతను మోచేయి పట్టుకుని ఆపాడు, ఇద్దరూ నడక మొదలుపెట్టారు, షాపు వైపు కాదు, మలుపు దాటి ముందుకే. "ఊఁ, తర్వాత?" అన్నాడు.